రికార్డు చేసిన మ్యాక్రో పోనుపోను నెమ్మదిస్తోంది, వేగం పెంచేదెలా?

#1 నీలి_కర్సర్

అందరికీ నమస్కారం. నియోవిమ్ అనే టెక్స్ట్ ఎడిటర్లో ఒక మ్యాక్రో (వరసగా నొక్కిన కీలని గుర్తుపెట్టుకుని మళ్లీ నడిపేది) రికార్డు చేసుకున్నాను. పని సరిగ్గానే చేస్తోంది గానీ నడవడానికి చాలాసేపు పడుతోంది. ఫైల్లో పది వేల దాకా రికార్డులున్నాయి. ఒక్కొక్కటి ఇలా ఉంటుంది:

నంబర్: 1042
వస్తువు: చెక్క కుర్చీ
తేదీ: 05-11-2023
గమనిక: కాలు విరిగింది

తర్వాత ఒక ఖాళీ లైను, ఆపైన ఇంకో రికార్డు. గమనిక కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. నాకు కావాల్సింది ఇది:

1042,చెక్క కుర్చీ,2023-11-05,కాలు విరిగింది

ఒక రికార్డు మీద రికార్డింగు చేసి, ముందు 10000 పెట్టి @ఎ (ఎ పేరుతో దాచిన మ్యాక్రోని నడిపే కమాండ్) కొట్టి వదిలేశాను. స్క్రీన్ గిరగిరా తిరుగుతూనే ఉంది. ఇలాంటి ఫైళ్లు నెలనెలా వస్తాయి కాబట్టి ఒకసారి ఓపిక పడితే సరిపోదు. మ్యాక్రో వేగం పెంచడానికి ఏ సెట్టింగులు మార్చాలో చెప్పగలరా?

#2 ఎస్కేప్_కీ

ముందుగా `:సెట్ లేజీరీడ్రా` పెట్టి చూడండి. అది లేకపోతే మ్యాక్రోలో ఒక్కో కమాండ్ అయ్యాక ఎడిటర్ స్క్రీన్ మళ్లీ గీస్తుంది. అది పెడితే మ్యాక్రో అంతా అయిపోయాక ఒక్కసారే గీస్తుంది. టెర్మినల్ నెమ్మదైనదైనా, ఎస్ఎస్‌హెచ్ మీద దూరపు మెషీన్లో పని చేస్తున్నా తేడా బాగా కనిపిస్తుంది. అయితే పని అవ్వగానే `:సెట్ నోలేజీరీడ్రా` కొట్టి తీసేయండి. నియోవిమ్ హెల్ప్‌లోనే రాసి ఉంది, ఇది తాత్కాలికంగా వాడుకోవడానికేనని. ఎప్పుడూ పెట్టి ఉంచితే అప్పుడప్పుడు స్క్రీన్ తప్పుగా కనిపిస్తుంది.

రిలేటివ్ నంబర్ (కర్సర్ నుంచి లైన్ల దూరం చూపేది), కర్సర్‌లైన్ (కర్సర్ ఉన్న లైన్ని వెలిగించేది) కూడా కాసేపు ఆపేయండి. కర్సర్ కదిలినప్పుడల్లా గీయాల్సినవి అవి.

#3 పాత_టెర్మినల్

సెట్టింగుల దాకా వెళ్లేముందు రెండు విషయాలు చెప్పండి.

ఒకటి, మ్యాక్రో మొదటి నుంచీ ఒకే వేగంతో నడుస్తోందా, లేక మొదట్లో చకచకా నడిచి పోనుపోను నెమ్మదిస్తోందా? శీర్షికలో పోనుపోను అన్నారు, లోపల ఆ మాట లేదు. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

రెండు, మ్యాక్రో లోపల ఏముందో ఇక్కడ పెట్టండి. మ్యాక్రో అంటే రిజిస్టర్లో (ఎడిటర్ టెక్స్టు దాచుకునే అరలో) ఉన్న మామూలు టెక్స్టే. ఖాళీ బఫర్ (కొత్త ఫైలు) తెరిచి డబుల్ కోట్, ఎ, పీ కొడితే మీరు నొక్కిన కీలన్నీ వరసగా కనిపిస్తాయి.

#4 నీలి_కర్సర్

లేజీరీడ్రా పెట్టాక స్క్రీన్ తిరగడం ఆగింది, కొంత వేగం పెరిగింది. కానీ పాత_టెర్మినల్ గారు అడిగినట్టు, మొదటి కొన్ని వందల రికార్డులు గబగబా అయిపోతాయి, తర్వాత తర్వాత స్పష్టంగా నెమ్మదిస్తుంది. లేజీరీడ్రా ఉన్నా లేకున్నా అంతే.

మ్యాక్రోలో ఉన్నది మాటల్లో రాస్తున్నాను:

జీజీ (ఫైలు మొదటికి)
/^నంబర్: ఎంటర్
వీ, ఐ, పీ, పెద్ద జే (రికార్డు మొత్తాన్ని ఒక లైనులో కలపడానికి)
లైను మొదటికి వెళ్లి "నంబర్: " చెరిపేయడం
/వస్తువు: ఎంటర్, దాన్ని చెరిపి ఇన్సర్ట్‌లో కామా కొట్టి ఎస్కేప్
/తేదీ: ఎంటర్, అదే పని
రోజు కట్ చేసి చివర పేస్ట్, నెల కట్ చేసి మధ్యలో పేస్ట్, గీతలు సర్దడం
/గమనిక: ఎంటర్, చెరిపి కామా

#5 పాత_టెర్మినల్

దొరికింది. మొదటి రెండు కీలు చూడండి: జీజీ.

ప్రతిసారీ ఫైలు మొదటికి వెళ్లి అక్కణ్నుంచి "నంబర్:" కోసం వెతుకుతున్నారు. పూర్తయిన రికార్డుల్లో ఆ మాట చెరిపేశారు కాబట్టి వెతుకులాట వాటన్నింటినీ దాటుకుంటూ వచ్చి, మిగిలిన వాటిలో మొదటిదాని దగ్గర ఆగుతుంది. పదో రికార్డుకి తొమ్మిది దాటాలి. తొమ్మిది వేలో రికార్డుకి దాదాపు తొమ్మిది వేలు దాటాలి. మొత్తం పది వేలకు లెక్క వేస్తే సగటున ఒక్కోసారి 5,000, అంటే దగ్గర దగ్గర 5 కోట్ల సార్లు ఒక పూర్తయిన రికార్డుని మళ్లీ చదివినట్టు. ఫైలు రెండింతలైతే పని నాలుగింతలవుతుంది. దీన్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు, స్క్రీన్ గీయడం పూర్తిగా ఆపినా ఆ వెతుకులాట మిగిలే ఉంటుంది.

జీజీ తీసేయండి. కర్సర్ ఉన్నచోటు నుంచి కిందికి వెతికితే చాలు, తర్వాతి రికార్డు ఎప్పుడూ ఒకటి రెండు లైన్ల దూరంలోనే ఉంటుంది.

మ్యాక్రోని మళ్లీ రికార్డు చేయక్కర్లేదు. ఇందాక బఫర్లో పేస్ట్ చేసిన లైన్లోనే జీజీ చెరిపేసి, లైను మొదట్లో నిలబడి డబుల్ కోట్, ఎ, వై, డాలర్ కొడితే మారిన మ్యాక్రో మళ్లీ అదే రిజిస్టర్లోకి వెళ్తుంది.

#6 నీలి_కర్సర్

అద్భుతం అండీ. జీజీ తీయగానే చివరిదాకా ఒకే వేగం. కానీ ఒక కొత్త చిక్కు: కొన్ని రికార్డులు పాడయ్యాయి. గమనిక లేని రికార్డు దగ్గరికి రాగానే తర్వాతి రికార్డులోని గమనికను పట్టుకుని చెరిపేస్తోంది. ఇదివరకూ ఇలాగే జరిగేదేమో, ఇప్పుడు వేగంగా పూర్తవుతోంది కాబట్టి ఫలితం మొత్తం చూడగలిగాను.

#7 హోమ్_రో

అది స్లాష్ వెతుకులాట స్వభావం. దానికి లైను అంచులతో పనిలేదు, ఎక్కడ దొరికితే అక్కడికి దూకుతుంది. మ్యాక్రో లోపల స్లాష్‌తో తిరగడం తగ్గించండి. వేగానికీ మంచిది, అంతకన్నా ముఖ్యంగా తప్పులు రావు.

లైను కలిపేశాక ఇక మిగిలిందంతా ఆ ఒక్క లైన్లో మార్పులే. దానికి సబ్‌స్టిట్యూట్ (:ఎస్, దొరికిన ముక్క స్థానంలో ఇంకోటి పెట్టే కమాండ్) ఉంది. మ్యాక్రోని ఇలా రాసుకోండి:

వీఐపీ, పెద్ద జే
:ఎస్/^నంబర్: //ఇ
:ఎస్/ వస్తువు: /,/ఇ
:ఎస్/ తేదీ: /,/ఇ
:ఎస్/ గమనిక: /,/ఇ

తేదీకి ఇంకొక ఎస్: రెండంకెలు, గీత, రెండంకెలు, గీత, నాలుగంకెలు మూడు గుంపులుగా పట్టుకుని, మార్చే చోట \3-\2-\1 అని పెట్టండి. కట్, పేస్ట్ అసలు ఉండవు.

చివర ఉన్న ఇ ని మర్చిపోవద్దు, ఇక్కడ ఆయువుపట్టు అదే. మామూలుగా ఎస్‌కి ఏమీ దొరక్కపోతే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే మ్యాక్రో అక్కడికక్కడే ఆగిపోతుంది, ముందు పెట్టిన 10000 కూడా రద్దయిపోతుంది. ఇ పెడితే దొరక్కపోయినా ఊరుకుని తర్వాతి పనికి వెళ్తుంది. గమనిక లేని రికార్డు ఏ గొడవా లేకుండా దాటిపోతుంది.

లైన్లో ఒక అక్షరం దగ్గరికి దూకే ఎఫ్, టీ లాంటి కదలికలు కూడా దొరక్కపోతే మ్యాక్రోని ఆపేస్తాయి. కొన్నిచోట్ల అదే మనకు కావాలి. కావాలని వాడుకుంటున్నామా, అనుకోకుండా తగులుతోందా అన్నది తెలిసి ఉండాలి.

#8 హోమ్_రో

ఇంకో మాట. 10000@ఎ బదులు ఇది వాడండి:

:జీ/^నంబర్:/నార్మల్ @ఎ

జీ ముందు ఫైలంతా ఒక్కసారి చదివి "నంబర్:"తో మొదలయ్యే లైన్లన్నింటికీ గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఒక్కో గుర్తు దగ్గరికి వెళ్లి నార్మల్ (ఇచ్చిన కీలని మనం నొక్కినట్టే చేసే కమాండ్) నడుపుతుంది. కాబట్టి మ్యాక్రోలో వెతుకులాటే అక్కర్లేదు, /^నంబర్: కూడా తీసేయండి. దీనివల్ల ఇంకా ఏమేం కలిసొస్తాయంటే:

నార్మల్ నడుస్తున్నంతసేపూ స్క్రీన్ మారదు. హెల్ప్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. లేజీరీడ్రా గొడవే ఉండదు.

ఒక రికార్డులో ఎర్రర్ వస్తే ఆ ఒక్కదాంతోనే ఆగుతుంది, మిగతా రికార్డులు నడుస్తాయి. @ఎ కి ముందు అంకె పెట్టి నడిపితే ఆ భద్రత లేదు.

మొత్తం ఒక్క యూ (అండూ) కొడితే వెనక్కి పోతుంది. పది వేల రికార్డుల మీద ప్రయోగం చేస్తున్నప్పుడు ఇంతకన్నా ధైర్యమిచ్చేది ఇంకోటి లేదు.

జాగ్రత్త పడాల్సింది ఒక్కటి: నార్మల్‌కి ఇచ్చే కమాండ్ పూర్తిగా ఉండాలి. సగంలో వదిలేస్తే ఎస్కేప్ కొట్టినట్టు రద్దు చేస్తుంది. మ్యాక్రోలో ఆఖరి ఎస్‌కి ఎంటర్ పడకుండా ఉంటే ఆ ఒక్క మార్పూ జరగదు, ఎందుకు జరగలేదో చాలాసేపు అర్థం కాదు.

#9 కామా_తర్వాత

అడగొచ్చో లేదో తెలియదు, జీ వాడకుండా @ఎ తోనే నడిపేవాళ్లు, జీజీ తీసేస్తే చివర్లో ఎలా ఆగుతుంది? నా దగ్గర ఒక మ్యాక్రో ఫైలు చివరికి వచ్చి మళ్లీ పైనుంచి మొదలెడుతుంది.

#10 పాత_టెర్మినల్

తప్పకుండా అడగాల్సిన ప్రశ్న. వెతుకులాట ఫైలు చివర తాకితే మళ్లీ మొదటికి వెళ్లడం డిఫాల్ట్. `:సెట్ నోర్యాప్‌స్కాన్` పెడితే చివర తాకగానే దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది, ఆ ఎర్రరే మ్యాక్రోని ఆపుతుంది. రికర్సివ్ మ్యాక్రోలు, అంటే తనని తానే పిలుచుకునేవి, ఆగేది కూడా ఈ ఎర్రర్ మీద ఆధారపడే. అలాంటిది రికార్డు చేసేముందు క్యూ, ఎ, క్యూ కొట్టి రిజిస్టర్ ఖాళీ చేసుకోవాలి, లేకపోతే రికార్డింగు మధ్యలో @ఎ అనగానే పాత మ్యాక్రో నడిచేస్తుంది.

#11 ప్లస్_రిజిస్టర్

నీలి_కర్సర్ గారూ, మీ కాన్ఫిగ్‌లో క్లిప్‌బోర్డ్ సెట్టింగు ఏముంది? అన్‌నేమ్డ్‌ప్లస్ ఉంటే మీ పాత మ్యాక్రో నెమ్మదికి అదీ ఒక కారణం. చాలామంది పట్టించుకోని కారణం కూడా.

ఆ సెట్టింగు ఉంటే డీ, సీ, ఎక్స్, వై ఏది కొట్టినా ఆ ముక్క సిస్టమ్ క్లిప్‌బోర్డ్‌కి వెళ్తుంది. నియోవిమ్ క్లిప్‌బోర్డ్‌తో సొంతంగా మాట్లాడదు, ఎక్స్‌క్లిప్ లాంటి బయటి ప్రోగ్రాంని నడుపుతుంది. ఒక్క గీతని ఎక్స్‌తో చెరిపినా దానికోసం ఒక ప్రాసెస్ మొదలవ్వాలి. మీ మ్యాక్రోలో ఒక్కో రికార్డుకి చెరపడాలు, కట్‌లు అన్నీ కలిపి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి పది వేలతో గుణించండి.

మ్యాక్రో నడిపేముందు `:సెట్ క్లిప్‌బోర్డ్=` అని ఖాళీ చేయండి. శాశ్వతంగా తీయడం ఇష్టం లేకపోతే చెరిపే ప్రతిచోటా డబుల్ కోట్, అండర్‌స్కోర్ ముందు పెట్టండి. అది బ్లాక్ హోల్ రిజిస్టర్, అందులో పడింది ఎక్కడికీ వెళ్లదు. హోమ్_రో గారు చెప్పినట్టు అంతా ఎస్‌తో చేస్తే ఈ సమస్య రాదు, ఎస్ చెరిపిన ముక్కని ఏ రిజిస్టర్లోనూ పెట్టదు.

#12 నీలి_కర్సర్

అవును, అన్‌నేమ్డ్‌ప్లస్ ఉంది. పోలిక కోసం పాత మ్యాక్రోని (జీజీ తీసేసినది) క్లిప్‌బోర్డ్ ఖాళీ చేసి నడిపాను. ఇంత తేడా ఉంటుందనుకోలేదు. లేజీరీడ్రా కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

#13 బఫర్_గట్టు

ప్లగిన్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను.

మ్యాక్రో కీలు మీరు టైప్ చేసినట్టే ఎడిటర్లోకి వెళ్తాయి. కాబట్టి ఇన్సర్ట్‌లోకి వెళ్లినప్పుడల్లా ఇన్సర్ట్‌ఎంటర్, బయటికొచ్చినప్పుడల్లా ఇన్సర్ట్‌లీవ్ ఈవెంట్లు వస్తాయి. వాటికి కట్టి ఉన్న ప్లగిన్లన్నీ లేస్తాయి: కంప్లీషన్, లింటర్, స్టేటస్‌లైన్. కర్సర్‌మూవ్డ్ ఈవెంట్ మాత్రం ఇంకా కీలు వరసలో ఉంటే ప్రతిసారీ రాదు, అందుకే బ్రాకెట్ జతలు చూపే ప్లగిన్ కన్నా ఇన్సర్ట్ ఈవెంట్లకు కట్టినవే ఎక్కువ భారం. ఇన్సర్ట్‌లోకి ఎన్నిసార్లు దూరితే అన్నిసార్లు ఆ ఖర్చు.

దీనికి మందు ఒక్క మాట ముందు పెట్టడమే:

:నోఆటోసీఎమ్‌డీ జీ/^నంబర్:/నార్మల్ @ఎ

ఆ ఒక్క కమాండ్ నడిచినంతసేపూ ఈవెంట్లన్నీ మూగబోతాయి. అయ్యాక యథావిధిగా ఉంటాయి, మళ్లీ ఏదీ వెనక్కి మార్చక్కర్లేదు.

ఆటోపెయిర్ లాంటి ప్లగిన్ల విషయంలో వేగం రెండో సంగతి, ముందు తప్పులొస్తాయి. అవి మ్యాపింగులతో (ఒక కీకి వేరే పని కట్టడంతో) పనిచేస్తాయి కాబట్టి నోఆటోసీఎమ్‌డీ వాటిని ఆపదు. రికార్డింగులో మీరు కోట్ ఒకటి కొడితే ప్లగిన్ రెండోది జతచేస్తుంది. రిజిస్టర్లో మీరు కొట్టిన కీలే ఉంటాయి, నడిపేటప్పుడు ప్లగిన్ మళ్లీ జతచేస్తుంది. ఇంకో మెషీన్లో ఆ ప్లగిన్ లేకపోతే అదే మ్యాక్రో వేరే ఫలితమిస్తుంది. మ్యాపింగులను పక్కనపెట్టాలంటే రిజిస్టర్లోని కీలనే నేరుగా నార్మల్!కి అందించండి: `:ఎగ్జిక్యూట్ "నార్మల్! " . @ఎ`. ఆశ్చర్యార్థకం ఉంటే మ్యాపింగులు పట్టవు. ఉత్త `నార్మల్! @ఎ` సరిపోదు, ఎందుకంటే @ఎ లోపలినుంచి వచ్చే కీలకు మ్యాపింగులు మళ్లీ పడతాయి.

తప్పు ప్లగిన్లదా మ్యాక్రోదా తేల్చుకోవాలంటే `--క్లీన్` పెట్టి, అంటే మీ కాన్ఫిగ్, ప్లగిన్లు లేకుండా, ఎడిటర్ తెరిచి అదే మ్యాక్రో నడపండి. అక్కడా నెమ్మదే అయితే మ్యాక్రోనే చూడాలి. అక్కడ పరుగెత్తితే కాన్ఫిగ్‌లో వెతకాలి. ఇది ఒక్కటి చేస్తే సగం ఊహాగానాలు తప్పుతాయి.

#14 ఎస్కేప్_కీ

కాన్ఫిగ్‌లో ఎక్కడో తెలియకపోతే ప్రొఫైలర్ ఉంది. `:ప్రొఫైల్ స్టార్ట్` తర్వాత ఒక ఫైలు పేరు, `:ప్రొఫైల్ ఫంక్ *`, ఆపైన మ్యాక్రో నడిపి ఎడిటర్ మూసేయండి. ఏ ఫంక్షన్‌కి ఎంత సమయం పట్టిందో ఆ ఫైల్లో పడుతుంది. సింటాక్స్ రంగుల మీద అనుమానముంటే `:సిన్‌టైమ్ ఆన్`, తర్వాత `:సిన్‌టైమ్ రిపోర్ట్`.

ఫోల్డింగు (లైన్లని మడిచి దాచడం) కూడా చూసుకోండి. ఫోల్డ్‌మెథడ్ ఎక్స్‌ప్రెషన్ మీద ఉంటే లైన్లు మారినప్పుడల్లా మడతలు మళ్లీ లెక్కగడుతుంది. కాసేపు మాన్యువల్ చేయండి.

రికార్డింగు మధ్యలో చేతి అలవాటుగా సేవ్ కొట్టడం కూడా చాలామంది మ్యాక్రోల్లో కనిపిస్తుంది. సేవ్‌కి ఫార్మాటర్ కట్టి ఉంటే ఒక్కో రికార్డుకి ఫైలు మొత్తం ఫార్మాట్ అయ్యి డిస్కు మీద పడుతుంది.

#15 లిస్పు_లోగిలి

ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ వాడేవాళ్లకు ఇదే చర్చ ఎలా వర్తిస్తుందో రాస్తాను, చదివేవాళ్లలో మావాళ్లూ ఉంటారు కదా.

మా దగ్గర ఎఫ్3 తో మొదలు, ఎఫ్4 తో ఆపడం, మళ్లీ ఎఫ్4 కొడితే నడవడం. కంట్రోల్-యూ 0 ఎఫ్4 అంటే ఎర్రర్ వచ్చేదాకా నడుపు అని. విమ్‌లో (నియోవిమ్‌కి మూలం) జీ లాగా, ఎంచుకున్న ప్రాంతంలో ప్రతి లైను మీదా నడపాలంటే కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-కె ఆర్.

మ్యాక్రో నడిచేటప్పుడు ఈమాక్స్ మధ్యమధ్యలో స్క్రీన్ గీయదు, కాబట్టి లేజీరీడ్రా గొడవ మాకు లేదు. మాకు నెమ్మది వేరే దారుల్లో వస్తుంది. మొదటిది ఇక్కడ చెప్పిన క్లిప్‌బోర్డే: ప్రతి కిల్ (కట్) సిస్టమ్‌కి వెళ్తుంది. ఇంటర్‌ప్రోగ్రామ్-కట్-ఫంక్షన్ విలువని నిల్ చేసి నడపండి. రెండోది పోస్ట్-కమాండ్-హుక్. పేరులో ఉన్నట్టే ఒక్కో కమాండ్ తర్వాత అందులో ఉన్నవన్నీ నడుస్తాయి. మైనర్ మోడ్‌లు ఎన్ని పెట్టుకుంటే అంత బరువు. ఫైలుని ఫండమెంటల్ మోడ్‌లోకి మార్చి, అక్కర్లేని మైనర్ మోడ్‌లు ఆపి నడిపితే చాలావరకు తీరుతుంది.

మూడోది కిందికి దిగే కంట్రోల్-ఎన్. లైన్-మూవ్-విజువల్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, అంటే కంటికి కనిపించే లైన్ల లెక్కన దిగుతుంది. పొడుగు లైను మడతపడితే తర్వాతి రికార్డుకి బదులు అదే లైనులో రెండో సగానికి వెళ్తుంది. ఎక్కడ మడతపడుతుందో లెక్కగట్టడానికి సమయమూ పడుతుంది. మ్యాక్రోలు రికార్డు చేసేముందు దాన్ని నిల్ చేసుకోవడం మంచి అలవాటు.

చెత్త సేకరణ (అక్కర్లేని మెమరీని ఖాళీ చేయడం) కూడా ఉంది. జీసీ-కాన్స్-త్రెషోల్డ్ 64 బిట్ మెషీన్లలో డిఫాల్ట్‌గా 800,000 బైట్లు. పెద్ద మ్యాక్రో నడిచేంతసేపు దాన్ని పెంచితే మధ్యమధ్యలో ఆగి ఊపిరి పీల్చుకోవడం తగ్గుతుంది. ఏది తింటోందో చూడాలంటే ప్రొఫైలర్-స్టార్ట్, ప్రొఫైలర్-రిపోర్ట్ ఉన్నాయి. ఎల్‌మ్యాక్రో అనే ప్యాకేజీ రికార్డు చేసిన కీలను లిస్పు కోడ్‌గా మారుస్తుంది, నెలనెలా వచ్చే పనికి అది పనికొస్తుంది.

#16 ట్యాబ్_స్పేస్

నోట్‌ప్యాడ్++ లో? ఆఫీసు మెషీన్లో అదే ఉంది, ఇంకోటి వేసుకోనివ్వరు.

#17 ఎస్కేప్_కీ

మ్యాక్రో మెనూలో, అనేకసార్లు నడిపే డైలాగులో, ఫైలు చివరిదాకా అనే ఎంపిక ఉంటుంది. నడిపేముందు వర్డ్ ర్యాప్ తీసేయండి, లాంగ్వేజ్ మెనూలో నార్మల్ టెక్స్ట్ పెట్టండి. పెద్ద ఫైల్లో ఆ రెండూ బరువైనవి. తేదీ తిప్పడం వరకైతే మ్యాక్రో అక్కర్లేదు, రీప్లేస్ డైలాగులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎంచుకుని హోమ్_రో గారి పద్ధతే వాడండి, \3-\2-\1 అక్కడా పనిచేస్తుంది.

#18 ఆక్_పక్షం

ఇంత చర్చ జరిగింది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. పది వేల రికార్డులు, నెలనెలా వచ్చే ఫైలు: ఇది మ్యాక్రో పని కాదు, స్క్రిప్టు పని. ఆక్ అనే టెక్స్టు సర్దే చిన్న భాషలో రికార్డ్ సెపరేటర్ ఆర్ఎస్‌ని ఖాళీ స్ట్రింగ్‌గా పెడితే ఖాళీ లైన్ల మధ్య ఉన్నదంతా ఒక రికార్డు. ఫీల్డ్ సెపరేటర్‌ని కొత్త లైనుగా పెడితే ఒక్కో లైను ఒక్కో ఫీల్డు. ఒక్కో ఫీల్డుని "నంబర్:", "వస్తువు:" అని చూసి పక్కన పెట్టుకోవడం, చివర నాలుగూ కామాలతో రాయడం. స్క్రీన్ లేదు, అండూ లేదు, ప్లగిన్ లేదు. ఫైలు ఎంత పెద్దదైనా ఒక్కసారే చదువుతుంది.

ఇంకో రెండు విషయాలు ఇక్కడ ఎవరూ చూడలేదు. గమనిక లేని రికార్డుకి మీ మ్యాక్రో మూడు కాలమ్‌లే ఇస్తుంది, ఉన్నదానికి నాలుగు. వస్తువు పేరులోనే కామా ఉంటే? "కుర్చీ, చెక్కది" అని ఎవరైనా రాసి ఉంటే కాలమ్‌లు జరిగిపోతాయి. వేగం గురించి ఆలోచించేముందు వీటి గురించి ఆలోచించాలి.

#19 పాత_టెర్మినల్

కాలమ్‌ల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నీలి_కర్సర్ గారూ, అది వెంటనే సరిచేయండి. కలిపిన లైను మీద మొదటి ఎస్ నడపకముందే అందులో కామా ఉందేమో చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత మీ కామా ఏదో వాళ్ల కామా ఏదో తెలియదు. మార్పులకు ముందు `:జీ/,/` కొడితే కామా ఉన్న లైన్లన్నీ కింద కనిపిస్తాయి. కొన్నే ఉంటే చేత్తో డబుల్ కోట్స్ పెట్టుకోవచ్చు. గమనిక లేనిచోట నాలుగో కాలమ్ కోసం, తేదీ తిప్పాక ఇంకో ఎస్ కలపండి: లైను చివర గీత, రెండంకెలు ఉంటే, మార్చే చోట &, అని పెట్టండి. & అంటే దొరికిన ముక్క, దాని వెంట కామా. ఇ మర్చిపోకండి.

స్క్రిప్టు విషయంలో మాత్రం కొంచెం విభేదిస్తాను. ఫైలు ఎలా ఉందో ముందే పూర్తిగా తెలిస్తే ఆక్‌కి మించింది లేదు. కానీ మొదటిసారి తెరిచినప్పుడు అది తెలియదు. గమనిక లేనిచోట తర్వాతి రికార్డు పాడవుతోందని వీరికి ఎలా తెలిసింది? మ్యాక్రో ఒక్కో రికార్డు మీద ఏం చేసిందో కళ్లారా చూశారు కాబట్టి. ఒకటి చేసి చూడటం, ఐదు చేసి చూడటం, వెనక్కి తీసుకోవడం, మళ్లీ మార్చడం, ఇది ఎడిటర్లో చేసినంత సులువుగా ఇంకెక్కడా కుదరదు. పైగా హోమ్_రో గారి దగ్గరికొచ్చేసరికి మ్యాక్రోలో మిగిలింది ఒక జోడింపు, కొన్ని ఎస్‌లు. అది దాదాపు స్క్రిప్టే. దాన్ని ఆక్‌లోకో సెడ్‌లోకో మార్చడం ఇప్పుడు చిన్న పని.

#20 ఆక్_పక్షం

ఆ మాట ఒప్పుకుంటాను. ఎడిటర్లో కనిపెట్టి, స్క్రిప్టులో స్థిరపరచడం. నా అభ్యంతరమల్లా మొదటిది అయిపోయాక కూడా అక్కడే ఉండిపోవడం మీద. ఎడిటర్ వదలకుండానే `:%!` తర్వాత ఆక్ కమాండ్ రాస్తే ఫైలు మొత్తం దానిలోంచి వెళ్లి తిరిగొస్తుంది. నచ్చకపోతే యూ.

#21 నీలి_కర్సర్

అందరికీ ధన్యవాదాలు. కామాలు ఉన్న రికార్డులు నిజంగానే కొన్ని దొరికాయి, కోట్స్ పెట్టాను. ఇప్పుడు ఎస్‌లతో రాసిన మ్యాక్రో, ముందు నోఆటోసీఎమ్‌డీ, జీ, నార్మల్. చివర `:జీ/^$/డీ` కొట్టి ఖాళీ లైన్లు తీసేశాను. ఎంటర్ కొట్టి చేయి తీసేలోపు అయిపోతోంది.

ఏది ఎంత పనిచేసిందని అడిగేవాళ్ల కోసం: నా ఫైలు వరకు జీజీ తీయడమే అన్నిటికన్నా పెద్ద మార్పు, తర్వాత క్లిప్‌బోర్డ్, ఆ తర్వాత ఇన్సర్ట్‌లోకి వెళ్లకుండా ఎస్ వాడటం. లేజీరీడ్రా నాలుగో స్థానం.

ఆఖరి ప్రశ్న. ఎడిటర్ మూసి మళ్లీ తెరిస్తే ఎ రిజిస్టర్లో మ్యాక్రో అలాగే ఉంది. వచ్చే నెలకీ ఉంటుందని నమ్మొచ్చా?

#22 హోమ్_రో

నమ్మొద్దు. రిజిస్టర్లు షాడా ఫైల్లో దాచుకుంటుంది, విమ్‌లో అయితే విమ్‌ఇన్ఫో. డిఫాల్ట్‌గా ఒక్కో రిజిస్టర్‌కి 50 లైన్లు, 10 కేబీ దాకా. మీ మ్యాక్రో అందులో తేలిగ్గా పడుతుంది. కానీ ఈలోపు ఎప్పుడైనా క్యూఎ అని ఇంకోటి రికార్డు చేసినా, డబుల్ కోట్ ఎ తో ఏదైనా కాపీ చేసినా పాతది పోతుంది.

కాన్ఫిగ్ ఫైల్లో రాసి పెట్టుకోండి: లెట్ @ఎ = అని, కోట్స్ మధ్యలో ఇన్సర్ట్ మోడ్‌లోనే కంట్రోల్-ఆర్ రెండుసార్లు కొట్టి ఎ నొక్కండి. రెండుసార్లు ఎందుకంటే, ఒక్కసారే కొడితే రిజిస్టర్లోని కీలు మీరు టైప్ చేసినట్టు నడుస్తాయి, ఎంటర్‌లు నిజంగా లైన్లు విరిచేస్తాయి. రెండుసార్లు కొడితే ఉన్నవి ఉన్నట్టు అక్షరాలుగా దిగుతాయి. లేదా డబుల్ కోట్స్ వాడి, ఎంటర్ ఉన్నచోట \<సీఆర్> అని రాస్తే చదవడానికి తేలిక. అప్పుడు ఎస్ ప్యాటర్న్‌లో ఉన్న ప్రతి వెనక స్లాష్‌నీ రెండు చేయాలి, లేకపోతే \3-\2-\1 దెబ్బతింటుంది.

#23 నీలి_కర్సర్

రెండో పద్ధతిలో రాశాను, వెనక స్లాష్‌లు రెండేసి పెట్టాను. ఎడిటర్ మూసి తెరిచి, పాత ఫైలు కాపీ మీద నడిపి, ఇందాకటి ఫలితంతో డిఫ్ చూశాను. తేడా ఏమీ లేదు.